గేటు గడియ దగ్గర మొదలయ్యే నేరం

"భయపడకండి, మా కుక్క ఏమీ చేయదు." కుక్కలున్న ప్రతి వీధిలో వినిపించే మాట ఇది. గేటు లోపల కుక్క మొరుగుతూ ఉంటుంది, వచ్చిన మనిషి రెండడుగులు వెనక్కి వేస్తాడు, యజమాని నవ్వుతూ ఈ మాట అంటాడు. చాలాసార్లు అది నిజమే. నిజం కాని ఆ ఒక్కసారి మాత్రం ఎవరో ఒకరు ఆసుపత్రి పాలవుతారు, కొన్నిసార్లు ప్రాణమే పోతుంది. కుక్కను బోనెక్కించి ప్రశ్నించలేం. అందుకే చాలా దేశాల చట్టాలు యజమాని వైపు తిరిగి, అతన్ని జైలుకు పంపే దాకా వెళ్తున్నాయి.

కుక్క కరిస్తే వైద్యం ఖర్చులు, పనికి వెళ్లలేక పోగొట్టుకున్న జీతం రాబట్టుకోవడం సివిల్ కోర్టు వ్యవహారం. అక్కడ తేలాల్సింది డబ్బు లెక్క. క్రిమినల్ కేసు సంగతి వేరు. అక్కడ ప్రభుత్వమే ముందుకొచ్చి, ఈ మనిషి శిక్షార్హుడు అంటుంది. అంత మాట అనాలంటే అతను చేసిన తప్పేమిటో వేలు పెట్టి చూపించగలగాలి. అతను ఎవర్నీ కరవలేదు. కరవమని ఉసిగొల్పనూ లేదు. చాలా కేసుల్లో ఆ సమయానికి అక్కడ లేడు కూడా. అంటే ఆ తప్పు కాటుకు ముందే ఎక్కడో జరిగి ఉండాలి. సరిగ్గా పడని గేటు గడియలోనో, పక్కింటివాళ్లు చెప్పినా పెడచెవిన పెట్టిన మాటలోనో, పశువుల డాక్టర్ హెచ్చరించాక కూడా కొనని, కుక్క మూతికి తొడిగే మజిల్‌లోనో. ఈ చట్టాలన్నీ వెతికేది దాన్నే.

ఈ ఆలోచన చాలా పాతది. సుమారు 3,700 ఏళ్ల కిందటి బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనాల్లో, వీధిలో పోతున్న ఎద్దు మనిషిని పొడిచి చంపితే దావా వేయడానికి లేదు. కానీ ఆ ఎద్దు పొడుస్తుందని యజమానికి ముందే చెప్పి ఉండి, అతను దాని కొమ్ములకు తొడుగు వేయకుండా, కట్టేయకుండా వదిలి ఉంటే అర మినా వెండి కట్టాలి. బైబిల్ నిర్గమకాండం 21వ అధ్యాయం ఇంకా కఠినం. ఎద్దు ఎవరినైనా పొడిచి చంపితే ఎద్దును రాళ్లతో కొట్టి చంపాలి, యజమాని నిర్దోషి. అదే ఎద్దుకు ముందు నుంచీ పొడిచే అలవాటుండి, యజమానిని హెచ్చరించినా అతను దాన్ని అదుపులో పెట్టకపోతే అతనికీ మరణశిక్షే. యాజ్ఞవల్క్య స్మృతి మరో కోణం కలిపింది. కోరలున్న జంతువు, కొమ్ములున్న జంతువు మనిషి మీద పడుతుంటే, విడిపించే శక్తి ఉండీ విడిపించని యజమానికి ప్రథమ సాహస దండం అనే జరిమానా. బాధితుడు కేకలు పెట్టినా రాకపోతే దానికి రెట్టింపు. తనకు తెలుసా, ఆపగలడా, ఆపాడా అనే మూడు ప్రశ్నలూ అప్పటికే ఉన్నాయి. నేటి చట్టాలు ఈ మూడింటిలో దేనికి ఎంత బరువివ్వాలన్న దగ్గరే ఒకదానితో ఒకటి విడిపోతాయి.

ఒక ఇంటి గేటు గడియ వదులైందనుకుందాం. కుక్క మూతితో నెడితే చాలు, తెరుచుకుంటుంది. ఒకరోజు అలాగే బయటికొచ్చి దారిన పోతున్న పిల్లాడిని కరిచింది. మొదటి రకం చట్టం, గడియ సంగతి యజమానికి తెలుసా లేదా అని అడగనే అడగదు. కుక్క అదుపు తప్పింది, మనిషికి గాయమైంది, నేరం జరిగినట్టే. రెండో రకం చట్టం, జాగ్రత్తపరుడైన మనిషి ఆ గడియ బాగుచేయించి ఉండేవాడా అని అడుగుతుంది. మూడోది ఇంకా లోతుకు వెళ్తుంది. ఆ కుక్క మనుషుల మీద పడుతుందని తెలిసి, గడియ నిలవదని తెలిసి, ఏమైతే అదే అవుతుందని వదిలేశాడా? వదిలేసి ఉంటే, ఆ తెంపరితనానికి పడే శిక్ష కూడా అంత పెద్దగానే ఉంటుంది.

మొదటి రకానికి బాగా పేరుపడ్డ ఉదాహరణ బ్రిటన్‌ది. వరుసగా కొన్ని భయంకరమైన దాడులు జరిగి పత్రికలు గగ్గోలు పెట్టడంతో, 1991లో హోంమంత్రి కెనెత్ బేకర్ హయాంలో డేంజరస్ డాగ్స్ యాక్ట్ వచ్చింది. హడావుడిగా చేశారన్న విమర్శ ఆ చట్టాన్ని ఇప్పటికీ వదల్లేదు. జాతుల నిషేధం గురించే అందరూ మాట్లాడుకున్నారు కానీ, అందులో అసలు పదునంతా మూడో సెక్షన్‌లో ఉంది. ప్రమాదకరంగా అదుపు తప్పిన కుక్క ఏ జాతిదైనా సరే, దాని యజమానీ, ఆ సమయంలో దాన్ని చూసుకుంటున్న వ్యక్తీ నేరస్తులే. అదుపు తప్పడమంటే కరవడమే కానక్కర్లేదు. ఇది ఎవరినైనా గాయపరుస్తుందేమోనని సహేతుకమైన భయం కలిగితే చాలు. యజమాని మనసులో ఏముందన్నది అనవసరమని 1994లో అక్కడి అప్పీల్ కోర్టు తేల్చేసింది. మా కుక్క ఇలా చేస్తుందని అనుకోలేదు అన్న మాట శిక్ష తగ్గించుకోవడానికి పనికి రావచ్చు కానీ, నేరం నుంచి బయటపడేయదు. యజమాని పదహారేళ్లలోపు పిల్లాడైతే ఇంటిపెద్ద కూడా జవాబుదారీ. కుక్కను సమర్థుడైన మరో మనిషి చేతికి అప్పగించానని నిరూపించుకున్న యజమానికి మాత్రం రక్షణ ఉంది.

అలాగని యజమాని చేయని పాపానికి కూడా బలి కావాలా? ఈ ప్రశ్న 2013లో అదే అప్పీల్ కోర్టు ముందుకొచ్చింది. పోలీసులు వారంటుతో తలుపు బద్దలు కొట్టి ఇంట్లోకి వెళ్లారు. లోపలున్న కుక్క వాళ్ల మీద పడింది, వీధిలోకి వచ్చి కూడా దాడి చేసింది. కుక్క బయటికి రావడంలో యజమాని చేసిన పనిగానీ, చేయకుండా వదిలేసిన పనిగానీ ఏదో ఒకటి ఉండాలని, ఆ కొంచెం కూడా లేనివాడిని నేరస్తుడు అనలేమని చెప్పి కోర్టు శిక్ష రద్దు చేసింది. ఈ తీర్పు సరైనది. కఠినమైన చట్టానికి కూడా అడుగున ఏదో ఒక తప్పు ఉండాలి. లేకపోతే అది పిడుగు పడ్డందుకు మనిషిని శిక్షించినట్టే అవుతుంది.

ఆ చట్టంలో చాలాకాలం పెద్ద లొసుగు ఒకటుండేది. కుక్కకు అనుమతి ఉన్న ప్రైవేటు స్థలంలో, అంటే యజమాని సొంత ఇంట్లో, పెరట్లో దాడి జరిగితే మూడో సెక్షన్ వర్తించేది కాదు. పిల్లలు ఎక్కువగా గాయపడేదేమో ఇళ్లలోనే, తమకు బాగా తెలిసిన కుక్కల వల్లే. పోస్ట్‌మ్యాన్, నర్సు, సామాన్లు తెచ్చే కుర్రాడు, వీళ్లంతా పని మీద లోపలికి అడుగుపెట్టాల్సినవాళ్లు. ఎక్కడ ప్రమాదం ఎక్కువో సరిగ్గా అక్కడే చట్టం గేటు బయట ఆగిపోయేది. 2014 మే నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ గోడ తీసేశారు. ఇప్పుడు అది ఇంటి లోపల కూడా వర్తిస్తుంది. దొంగలా ఇంట్లో జొరబడ్డ వ్యక్తి మీద కుక్క పడిన సందర్భానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంతకుముందు రెండేళ్లున్న గరిష్ఠ శిక్షను కూడా అప్పుడే పెంచారు. మనిషి చనిపోతే 14 ఏళ్లు, గాయపడితే 5 ఏళ్లు. చూపు లేనివారికి దారి చూపే కుక్కల వంటి సహాయక శునకాన్ని గాయపరిచినా, చంపినా 3 ఏళ్లు.

ఈ మార్పు తర్వాత వచ్చిన తీర్పుల్లో దగ్గరగా చూడాల్సింది ఉత్తరాల కన్నం కేసు. అక్కడ చాలా ఇళ్ల తలుపులకు మధ్యలో ఒక సన్నని కన్నం, దానికి స్ప్రింగ్ ఉన్న మూత ఉంటాయి. ఉత్తరం పూర్తిగా లోపల పడాలంటే మూతను నెట్టి, వేళ్ల చివర్లు కొంచెం లోపలికి పోనివ్వాలి. అవతలి వైపు చాప మీద కాపు కాసిన కుక్కకు కనిపించేది ఆ వేళ్లే. మొరుగు కూడా వినిపించకపోవచ్చు. ఇలా వేలికి గాయమైన ఒక కేసులో 2021లో ఇంగ్లండ్ హైకోర్టు, కుక్కను ఆ కన్నం దాకా వెళ్లే వీలుతో వదిలేస్తే యజమాని ఇంట్లో ఉన్నా లేకున్నా బాధ్యుడేనంది. కన్నం వెనక చిన్న తీగల బుట్ట బిగించినా, ఆ గది తలుపు మూసినా జరగని గాయం అది. యజమానికి అయ్యే శ్రమ ఎంత, అవతలి మనిషికి పోయే వేలు ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంట్లో లేను కదా అనే వాదన నిలబడదు.

రెండో కొసన, మూడో రకానికి ఉదాహరణగా, కాలిఫోర్నియా ఉంది. 2001 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక అపార్ట్‌మెంట్ కారిడార్‌లో, 33 ఏళ్ల మహిళను ఆమె ఇంటి గుమ్మం దగ్గరే పక్క ఫ్లాట్‌వాళ్ల ప్రెసా కనారియో అనే భారీ జాతి కుక్క చంపేసింది. ఆ ఇంట్లో అలాంటివి రెండుండేవి. వాటిని పెంచుతున్న భార్యాభర్తలిద్దరూ లాయర్లు. భార్య మీద సెకండ్ డిగ్రీ హత్య కేసు నడిచింది. ఆమె ఎవరినీ చంపాలనుకోలేదు, ఆ క్షణంలో కుక్కను లాగుతూ అక్కడే ఉన్నానని కూడా చెప్పింది. మరి హత్య ఎలా అవుతుంది? దానికి జవాబు ఆ రోజుకు ముందు గడిచిన నెలల్లో దొరికింది. ఆ రెండు కుక్కలు అదుపు తప్పడం, మనుషుల మీదికీ వేరే కుక్కల మీదికీ రావడం వంటివి అంతకుముందే దాదాపు 30 సార్లు జరిగాయి. వాటిని ఆమె చేతికి రాకముందు పరీక్షించిన పశువైద్యుడు, ఇవి ఏ ఇంట్లో ఉన్నా ప్రమాదమేనని ఉత్తరం రాశాడు. కుక్క బరువు 100 పౌండ్లు దాటింది. పట్టుకుని ఆపే బలం తనకు లేదని తెలిసీ, మజిల్ లేకుండానే దాన్ని కారిడార్‌లోకి తెచ్చింది.

2002లో జ్యూరీ ఆమెను హత్య కింద దోషి అంది. ఆ కుక్కలు ప్రాణం తీస్తాయని ఆమెకు తెలిసినట్టు రుజువు కాలేదని ట్రయల్ జడ్జి దాన్ని పక్కన పెట్టాడు. గాయం చేస్తాయని తెలిస్తే చాలదా అంది అప్పీల్ కోర్టు. చివరికి 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు మధ్యలో గీత గీసింది. గాయమవుతుందని తెలిస్తే హత్యకు చాలదు, చావు ఖాయమని తెలియాల్సిన అవసరమూ లేదు, మనిషి ప్రాణానికి ప్రమాదముందని గ్రహించి కూడా లెక్కచేయకపోవడమే గీటురాయి. దాని ప్రకారం చూశాక 2008లో హత్యా నేరం తిరిగి ఖరారైంది. శిక్ష, కనీసం 15 ఏళ్లు, గరిష్ఠంగా జీవితాంతం జైలు. భర్త ఆ సమయంలో అక్కడ లేడు, అయినా హత్య కాని నరహత్య కింద అతనికీ జైలు తప్పలేదు. ఈ కేసులో లాయర్ల చదువు, హోదా ఏవీ పనికిరాలేదు. పనికొచ్చిందల్లా ఎవరో ఓపిగ్గా గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పిన ఆ చిన్న చిన్న సంఘటనలే.

భారతదేశంలో ప్రమాదకరమైన కుక్కల కోసమని ప్రత్యేక చట్టం లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 289వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 291గా మారింది. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే, అది తెలిసి చేసినా నిర్లక్ష్యంతో చేసినా, ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా పాత చట్టంలో వెయ్యి ఉండేది. ఇది చాలా తక్కువ శిక్ష అని అందరూ అంటారు, అందులో అబద్ధం లేదు. కానీ ఈ సెక్షన్‌ను నిదానంగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. ఇందులో ఎక్కడా కరవాలని లేదు. జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం. అంటే వదులు గడియ దగ్గరే, పిల్లాడికి ఏమీ కాకముందే కేసు పెట్టడానికి దారి ఉంది. ఆ దారిని కాటు పడ్డాకే గుర్తు చేసుకోవడం బాధాకరం. గాయం తీవ్రమైతే 125వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా, ప్రాణం పోతే 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష పడే వీలుంది. అయితే అక్కడ నిర్లక్ష్యానికీ చావుకూ మధ్య లంకె ఒక్కొక్కటిగా రుజువు చేయాలి.

ఇక జాతుల నిషేధం. దాడి జరిగిన వెంటనే ప్రభుత్వాలకు తోచే మొదటి మందు ఇది. బ్రిటన్ 1991లో పిట్‌బుల్ టెరియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో అనే నాలుగు రకాలను జాబితాలో పెట్టింది. ఎక్స్‌ఎల్ బుల్లీని తర్వాత చేర్చి, 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో మినహాయింపు పత్రం లేకుండా దాన్ని ఉంచుకోవడమే నేరం చేసింది. 2000లో హాంబర్గ్‌లో బడి ఆవరణలో ఆరేళ్ల బాలుడిని కుక్కలు చంపాక జర్మనీ కూడా అదే దారి పట్టింది. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2004లో దిగుమతి నిషేధాన్ని నిలబెట్టింది కానీ, కేంద్రం తన పరిధి దాటిందంటూ సంతానోత్పత్తి నిషేధాన్నీ, దాని కోసం తెచ్చిన శిక్షా నిబంధననూ కొట్టేసింది. భారత పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో 23 జాతుల మీద ఇచ్చిన సర్క్యులర్‌ను, సంబంధిత వర్గాల మాట వినలేదంటూ కర్ణాటక హైకోర్టు మరుసటి నెలలోనే రద్దు చేసింది. నెదర్లాండ్స్ పదిహేనేళ్లు అమలు చేసి తన నిషేధాన్ని ఎత్తేసింది. ఇటలీ 2009లో జాతుల చిట్టా పక్కన పడేసి, ఏ కుక్కకైనా యజమానే బాధ్యుడన్న పద్ధతికి వచ్చింది.

జాబితాల్లో అసలు నిజమే లేదని కాదు. పెద్ద దవడ, బరువైన ఒళ్లు ఉన్న కుక్క కరిస్తే గాయం లోతుగానే ఉంటుంది. పామరేనియన్ కాటుతో దాన్ని పోల్చలేం. కానీ బ్రిటన్ చట్టంలో జాతి తేల్చేది వంశం చెప్పే పెడిగ్రీ కాగితం కాదు, ఆకారం. టేపు పట్టుకుని కొలుస్తారు. ఎక్స్‌ఎల్ బుల్లీ అనాలంటే మగ కుక్క భుజం దగ్గర కనీసం 51 సెంటీమీటర్ల ఎత్తుండాలి, ఆడదైతే 48, ఆ పైన తల, ఛాతీ, దవడల లక్షణాలు చూస్తారు. నిషిద్ధ రకం కాదని నిరూపించుకోవాల్సిన భారం యజమానిది. దాంతో ఎవరి జోలికీ పోని కుక్క ఉన్న మనిషి కొలత వల్ల నేరస్తుడవుతాడు, నాలుగిళ్లవాళ్లు మొత్తుకుంటున్న కుక్క గలవాడు కొలతకు అందక నిశ్చింతగా ఉంటాడు. యజమాని ఏం చేశాడు అనే ప్రశ్న పక్కకు పోయి, కుక్క ఎలా ఉంది అనే ప్రశ్న ముందుకొస్తుంది. క్రిమినల్ చట్టం అడగాల్సింది మొదటి ప్రశ్నే.

ఉన్నట్టుండి కరిచింది, ముందెప్పుడూ ఇలా లేదు అని దాదాపు ప్రతి యజమానీ చెబుతాడు. అబద్ధం చెప్పాలని కాదు, చాలామందికి నిజంగానే కనిపించదు. కుక్క మాత్రం చెప్పే ఉంటుంది. ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పటిదాకా తెరిచి రొప్పుతున్న నోరు టక్కున మూసుకుంటుంది. తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పడంతో తెల్లగుడ్డు కనిపిస్తుంది. పెదవి లేస్తుంది, గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఆ చప్పుడు మాత్రం మానేస్తుంది, భయం లోపలే ఉంటుంది. తర్వాత అది చప్పుడు లేకుండానే కరుస్తుంది. మజిల్ విషయంలోనూ ఇలాంటి తెలియనితనమే. పొలంలో ఎద్దు మూతికి కట్టే చిక్కంలా వదులుగా, బుట్టలా ఉంటే కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు. నోరు కదలకుండా బిగించే గుడ్డపట్టీతో ఎండలో తిప్పితే ఒళ్లు చల్లబరుచుకోలేక దానికే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఈ చట్టాల్లో పెద్ద శిక్షల కంటే ఎక్కువ ఉపయోగపడే పనిముట్టు స్కాట్లాండ్ 2010లో తెచ్చిన నియంత్రణ నోటీసు. కుక్క అదుపులో ఉండట్లేదని తేలితే, ఎవరినీ కరవకముందే, స్థానిక కౌన్సిల్ అధికారి యజమానికి నోటీసు ఇస్తాడు. బయట మజిల్ వేయాలి, లీష్ వదలకూడదు, ఫలానా చోటికి తీసుకెళ్లకూడదు, శిక్షణ ఇప్పించాలి వంటి షరతులు అందులో ఉంటాయి. మైక్రోచిప్ తప్పనిసరి. షరతు తప్పితే అది నేరం. ఈ నోటీసుకు ఇంకో బలం కూడా ఉంది. రేపు ఏదైనా జరిగితే, నాకు తెలియదు అనడానికి యజమానికి ఇక వీలుండదు. కాలిఫోర్నియా కేసులో 30 సంఘటనలను సాక్షుల జ్ఞాపకాల్లోంచి ఒక్కొక్కటిగా తవ్వి తీయాల్సి వచ్చింది. ఇక్కడ మొదటి ఫిర్యాదే కాగితం మీద ఉంటుంది. ఇంగ్లండ్‌లోని శిక్షా మార్గదర్శకాలు కూడా ముందటి అధికారిక హెచ్చరికలను లెక్కచేయని యజమానిని ఎక్కువ తప్పున్నవాడిగానే చూస్తాయి. కుక్కను ఆయుధంలా వాడినవాడు, కరవడం నేర్పినవాడు ఉండే వరుసలోనే అతన్నీ కూర్చోబెడతాయి.

కేసు తేలేసరికి తరచుగా ముందు ప్రాణం పోయేది కుక్కదే. బ్రిటన్‌లో మొదట్లో నిషిద్ధ రకమని తేలితే చంపడం తప్పనిసరి. 1997 సవరణతో కుక్క స్వభావం, యజమాని తగినవాడా కాదా అన్నవి చూసి బతకనిచ్చే అధికారం కోర్టులకు దక్కింది. యజమానిని ఇకపై కుక్కలు పెంచకుండా నిషేధించే అధికారం కూడా ఉంది. దీన్ని ఇంకా ధారాళంగా వాడాలి. కుక్కను చంపేసి మనిషిని వదిలేస్తే, ఆరు నెలల్లో అదే గేటు వెనక మరో కుక్కపిల్ల పెరుగుతుంది.

కేసు భయంతో ఊరి బయట కుక్కను దింపేసి వచ్చేవాళ్ల సంగతి మరోటి. అప్పటిదాకా ఒకరి బాధ్యతగా ఉన్న కుక్క, కరిచే అలవాటుతో సహా, అందరి మీద పడుతుంది. భారత్‌లో ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమే. కానీ మొదటిసారి అయితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. పైగా ఆ కుక్క ఎవరిదో ఎలా తేలుతుంది? ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ నుంచి ఎనిమిది వారాలు దాటిన ప్రతి కుక్కకూ మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ ఉండాలి, దాని నంబరు వెనక యజమాని పేరు, చిరునామా ఉండాలి. మాది కాదండీ, ఎప్పుడో వచ్చి చేరింది అంటే స్కానర్ పెట్టి చూస్తారు. అలాంటి నమోదు లేని చోట 291వ సెక్షన్‌లో శిక్షను ఆరు నెలల నుంచి ఆరేళ్లకు పెంచినా, ఎఫ్‌ఐఆర్‌లో నిందితుడి పేరు రాయాల్సిన గడి ఖాళీగానే ఉండిపోతుంది.